గేమ్‌తో పాటే రన్‌టైమ్ ఫైళ్లు పెట్టాలా, లింక్ ఇస్తే చాలదా?

మీ గేమ్ 70 ఎంబీ, అది నడవడానికి విండోస్‌లో ఉండాల్సిన మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ ఫైళ్లు, అంటే విజువల్ సీ++, డైరెక్ట్‌ఎక్స్ కలిపితే రెండింతలు దాటుతుంది, కాబట్టి డౌన్‌లోడ్ పేజీలో లింకులు పెడితే చాలదా అని అడిగారు. చాలదు. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నవాణ్నే.

హనుమకొండలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ముగ్గురం కలిసి చిన్న గోళీల గేమ్ చేశాం. మా మూడు లాప్‌టాప్‌లలోనూ బ్రహ్మాండంగా నడిచింది. నడవక ఏం చేస్తుంది, మూడింట్లోనూ ప్రోగ్రాములు రాసే విజువల్ స్టూడియో, దాంతోపాటే ఆ రన్‌టైమ్ ఫైళ్లూ ఉన్నాయాయె! జిప్ చేసి తెలిసినవాళ్లందరికీ పంపాం. మొదటి ఫోన్ ములుగు నుంచి మా మేనబావది: "ఏందిరా, వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్ లేదంటాంది?" అది విజువల్ సీ++ రన్‌టైమ్‌లోని ఒక ఫైల్. రీడ్‌మీలో లింక్ ఉంది చూడు బావా అన్నాను. రీడ్‌మీ ఎవరు తెరుస్తారు? ఆ ఎర్రర్‌నే గూగుల్‌లో కొట్టి, ఏదో సైట్ నుంచి ఆ ఒక్క డీఎల్‌ఎల్ దించుకుని ఫోల్డర్‌లో పడేశాడు. అది 32 బిట్‌ది, మా గేమ్ 64 బిట్. ఈసారి 0ఎక్స్‌సీ000007బీ అని ఇంకో ఎర్రర్. పోనీ ఆ ఫైల్‌లో వైరస్ లేదు, అదే అదృష్టం. ఆదివారం దాదాపు 50 కిలోమీటర్లు బస్సులో పోయి, పెన్‌డ్రైవ్‌లోని అసలు ప్యాకేజీ నొక్కితే నిమిషంలో అయిపోయింది. అది పాతిక ఎంబీ కూడా లేదు.

అందుకే విజువల్ సీ++ ప్యాకేజీ లోపలే పెట్టండి. ఇన్‌స్టాలర్ తయారుచేసే ఇన్నో సెటప్ వాడితే, ఆ ప్యాకేజీని క్వైట్ (ఏమీ అడగకుండా), నోరీస్టార్ట్ (రీస్టార్ట్ చేయకుండా) స్విచ్‌లతో నడిపించండి. ఆడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఒక్క జాగ్రత్త: అంతకంటే కొత్త వెర్షన్ ముందే ఉంటే 1638 అని కోడ్ వస్తుంది. అది ఫెయిల్ కాదు. మా మొదటి ఇన్‌స్టాలర్ దాన్ని ఫెయిల్ అనుకుని మధ్యలోనే ఆగిపోయేది, మళ్లీ ఫోన్లు!

సైజు పెంచేది డైరెక్ట్‌ఎక్స్. 2010 జూన్ ప్యాకేజీ మొత్తం 95 ఎంబీ పైచిలుకు. విండోస్ 10, 11లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా పాత గేమ్‌లు వాడే డీ3డీఎక్స్ అనే డైరెక్ట్‌ఎక్స్ ఫైళ్లు ఉండవు. మీ గేమ్ వాటిని వాడకపోతే ఆ ప్యాకేజీ జోలికే పోకండి. వాడితే, సెటప్ ఫైళ్లూ మీకు కావాల్సిన క్యాబ్ ఫైళ్లూ (ఆ డీఎల్‌ఎల్‌లను కుదించి పెట్టినవి) ఉంచి మిగతావి తీసేయండి. దానికి మైక్రోసాఫ్ట్ అనుమతి ఉంది, సైజు కొద్ది ఎంబీల్లోకి దిగుతుంది.

ఈ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ కావాలంటే అడ్మిన్ అనుమతి కావాలి, కాలేజీ ల్యాబుల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరూ ఇవ్వరు. అలాంటి చోట్లకు జిప్ కావాలంటే విజువల్ సీ++ డీఎల్‌ఎల్‌లను గేమ్ పక్కనే పెట్టొచ్చు. కాకపోతే వాటిని విండోస్ అప్‌డేట్ ముట్టుకోదు, మీరే మార్చుకోవాలి. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో పెడితే మాత్రం ఈ తిప్పలేవీ ఉండవు, గేమ్ చేసేవాళ్ల కోసం ఉన్న స్టీమ్‌వర్క్స్‌లో కావాల్సినవాటికి టిక్ పెడితే చాలు.

పంపేముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయని విండోస్‌లో ఒకసారి నడిపి చూడండి. ప్రో ఎడిషన్ అయితే విండోస్ లోపలే ఇంకో ఖాళీ విండోస్ తెరిచే విండోస్ సాండ్‌బాక్స్ ఉంటుంది, హోమ్ అయితే అదే పనికి వర్చువల్‌బాక్స్. ఇంటర్నెట్ ఆపేసి మరీ చూడండి.