పగలంతా పడుకున్నా స్టీరింగ్ మీద కునుకు.. నిద్ర రాకుండా మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా చేపల లారీ నడుపుతున్నాను. ఎక్కువగా హౌరా, ఒక్కోసారి గువాహటి దాకా వెళ్తాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 96 కిలోలు. నాలుగేళ్ల కిందట షుగర్ బయటపడింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. ఏడాదిగా స్టీరింగ్ మీద కునుకు పడుతోంది. ఇంటికొచ్చి పగలంతా పడుకున్నా నిద్ర తీరినట్టుండదు. లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోయి ఉంటుంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతోందని, తర్వాత ఉలిక్కిపడి లేస్తున్నానని మా ఆవిడ భయపడుతోంది. ఎడమ పాదం తిమ్మిరిగా ఉంటోంది. మొన్న బరంపురం దాటాక తెల్లవారుజామున బండి రోడ్డు అంచు దిగిపోతుంటే క్లీనర్ కేకేసి లేపాడు. నిద్ర రాకుండా మాత్రలు దొరుకుతాయని తోటి డ్రైవర్ చెప్పాడు. వాడొచ్చా?

జవాబు: వద్దు. ఆ మాత్ర జోలికి వెళ్లకండి. మీరు అడిగింది మాత్ర గురించే అయినా, మీ ఆవిడ గమనించి చెప్పిన విషయమే ఇక్కడ ముఖ్యం. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి లేవడం, పొద్దున్నే తలనొప్పి, ఎండిన నోరు, ఎంత పడుకున్నా తీరని నిద్ర, పైగా మీ బరువు. ఇవన్నీ కలిపి చూస్తే మీకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉండే అవకాశం చాలా ఎక్కువ. పరీక్ష చేయకుండా ఉందని ఖాయంగా చెప్పలేను. కానీ పరీక్ష చేయించుకుని చికిత్సతో మగత అదుపులోకి వచ్చేదాకా మీరు లారీ నడపకూడదని మాత్రం ఖాయంగా చెబుతున్నాను. బరంపురం దగ్గర క్లీనర్ మెలకువగా ఉండబట్టి సరిపోయింది. అతనికీ ఆ వేళ నిద్ర ముంచుకొస్తుంది కదా!

ఈ జబ్బులో జరిగేది ఇదీ. నిద్ర పట్టగానే గొంతులోని కండరాలు వదులవుతాయి. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లలో ఆ దారి ముందే ఇరుకు. కొబ్బరిబోండంలో వేసిన కాగితం స్ట్రా నాని మెత్తబడ్డాక గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోతాయి చూడండి, గొంతూ అలాగే మూసుకుపోతుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటుంది గానీ గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ప్రాణం మీదికి వస్తోందని మెదడు ఒక్క క్షణం లేపుతుంది, గుర్రుమని ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. ఇలా గంటకు 5 సార్లలోపు జరిగితే జబ్బు కింద లెక్కకట్టం. 15 దాటితే చికిత్స తప్పదు. 30 దాటితే తీవ్రమైనదే. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి మిమ్మల్ని ఎవరో తట్టి లేపినట్టే. ఆ లేవడాలు మీకు గుర్తుండవు కాబట్టి హాయిగా పడుకున్నాననే అనుకుంటారు. పగలంతా పడుకున్నా తీరకపోవడానికి కారణం అదే. రాత్రి మాటిమాటికీ మూత్రానికి లేవడాన్ని షుగర్ ఖాతాలో వేసి ఉంటారు. అదీ కారణం కావచ్చు, కానీ స్లీప్ ఆప్నియాలోనూ అలా జరుగుతుంది. బీపీ పెరగడానికి, గుండె లయ తప్పడానికి, షుగర్ మాత్రలకు లొంగకపోవడానికి కూడా ఈ జబ్బు దారి తీస్తుంది.

కాబట్టి మీకు ఒళ్లు బద్ధకమనో, వయసైపోతోందనో ఎవరైనా అంటే పట్టించుకోకండి. దీనికి మంచి చికిత్స ఉంది.

కునుకు ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఒక లెక్క చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెప్ప పడి నాలుగు సెకన్లు అయితే దాదాపు 90 మీటర్లు. అంతదూరం ఐసు పెట్టెలతో నిండిన లారీ డ్రైవర్ లేకుండా పోయినట్టే. కొందరు అప్పుడు కళ్లు తెరిచే ఉంటారు, మెదడే నిద్రలో ఉంటుంది. 'నేను నిద్రపోలేదండీ' అని ఒట్టేసి చెప్పే డ్రైవర్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకు నిజంగానే తెలియదు. జబ్బేమీ లేని మనిషి కూడా 17 గంటలు వరసగా మెలకువగా ఉంటే అతని చురుకు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం 0.03 శాతం దాటితేనే కేసు పెడుతుంది. పొద్దున ఐసు కొట్టించి, లోడు ఎక్కించి, సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఇచ్ఛాపురం చేరే మనిషి చుక్క తాగకపోయినా ఏ స్థితిలో ఉంటాడో ఆలోచించండి. దానికి తోడు రాత్రి 2 నుంచి 5 మధ్య, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఒంట్లోని గడియారమే నిద్ర వైపు లాగుతుంది. మీ బండి రోడ్డు దిగింది కూడా తెల్లవారుజామునే.

రాత్రిపూట పోలీసులు లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపడం మీరు చూసే ఉంటారు. మంచి పనే. బండి ఆగి, మనిషి కిందికి దిగి నాలుగడుగులు వేయడం కూడా మేలే. అయితే చన్నీళ్ల ప్రభావం కొద్ది నిమిషాలే. కిటికీ దించడం, పాటల సౌండ్ పెంచడం, ఖైనీ, గుట్కా నోట్లో వేసుకోవడం కూడా అంతే. పైగా ఖైనీ, గుట్కా నోటి క్యాన్సర్ తెచ్చిపెడతాయి. ఉత్తరాది రూట్లలో కొందరు నల్లమందు తీసే గసగసాల కాయల తొక్క పొడి, డోడా అంటారు, దానికీ అలవాటు పడుతున్నారు. అది మత్తు పదార్థం, ఒంట్లో శ్వాసనే మందగింపజేస్తుంది. మీలాంటివారికి మరీ ప్రమాదం.

ఇక మాత్ర సంగతి. నిద్రను ఆపే మందులు కొన్ని ఉన్నాయి. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సినవి. స్లీప్ ఆప్నియాకు సరైన చికిత్స జరుగుతున్నా ఇంకా మగత మిగిలిపోయిన కొద్దిమందికి మేం చూసి ఇస్తాం. చికిత్స లేకుండా వేసుకుంటే మీకు మెలకువ ఉన్నట్టు అనిపిస్తుంది, రాత్రి గొంతు మూసుకుపోవడం మాత్రం ఆగదు. బీపీ పెరగొచ్చు, గుండె దడ రావొచ్చు. మందు ప్రభావం తగ్గగానే పడని నిద్రంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ సమయానికి మీరు బాలాసోర్ దగ్గరున్నారో, ఖరగ్‌పూర్ దగ్గరున్నారో ఎవరికి తెలుసు? ఇంకో మాట. జలుబుకు, దురదకు మెడికల్ షాపుల్లో అడిగి కొనుక్కునే మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో చాలావాటికి మగత గుణం ఉంటుంది. లారీ డ్రైవర్‌నని ముందే చెప్పి అడగండి.

ఇప్పుడు చేయాల్సింది. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి గానీ వెళ్లి స్లీప్ స్టడీ కావాలని అడగండి. భీమవరం, ఏలూరు, విజయవాడ వైపు వెళ్తే దొరుకుతుంది. చాలామందికి ఇంట్లోనే చేయొచ్చు. వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్న గొట్టం, ఛాతీకి బెల్టు, అంతే. ఒక్క రాత్రి పెట్టుకుని పడుకుంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, ఆక్సిజన్ ఎంతకు పడిందో లెక్క వస్తుంది. సూదులు, నొప్పి ఏమీ ఉండవు. మీ చొక్కా కాలరు కొలత 17 అంగుళాలు దాటి ఉంటే ఆ మాటా డాక్టరుకు చెప్పండి.

జబ్బు తేలితే సీప్యాప్ అనే చిన్న మెషీన్ ఇస్తారు. మాస్కు ద్వారా కాస్త ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. మొదటి వారం చిరాకుగా ఉంటుంది. మాస్కు సైజు సరిపోకపోతే మార్పించుకోండి, మూల పడేయకండి. సరిగ్గా వాడినవాళ్లలో చాలామందికి కొద్దిరోజుల్లోనే పగటి మగత తగ్గిపోవడం చూస్తుంటాం. 'ఇంట్లో సరే, నెలలో సగం రోజులు నా పడక క్యాబిన్‌లోనే కదా' అని మీరు అనొచ్చు. పెద్ద లారీల బ్యాటరీ సాధారణంగా 24 వోల్టులు. దానికి సరిపోయే అడాప్టరు ఉన్న మోడళ్లు ఉన్నాయి, కొనేటప్పుడే అడిగి తీసుకోండి. ఇన్వర్టర్లతో సొంత ప్రయోగాలు చేయొద్దు. మెషీన్ కొంత ఖరీదైనదే. అయినా కొనేముందు కొన్నాళ్లు అద్దెకు ఇచ్చేవాళ్లున్నారు, సరిపడిందో లేదో చూసుకోవచ్చు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, పడుకునే ముందు మద్యం మానేయడం కూడా అవసరం. మద్యం గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రలతోనూ ఇదే ఇబ్బంది. 96 కిలోల్లో పది కిలోలు తగ్గితే ఊపిరి ఆగడాలు బాగా తగ్గుతాయి, షుగర్ కూడా దిగుతుంది.

ఈ సంగతి బయటపడితే ఓనర్ బండి ఇవ్వడేమోనని చాలామంది డ్రైవర్లు దాస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, రోజు గడవాలి కదా. కానీ ఇది ఉద్యోగం పోగొట్టే జబ్బు కాదు. బ్రిటన్‌లో ఇలా మగత ఉన్న లారీ డ్రైవర్లను నడపడం ఆపమంటారు, చికిత్సతో అదుపులోకి వచ్చిందని డాక్టర్లు నిర్ధారించాక మళ్లీ నడపనిస్తారు. మీ ఓనర్‌తో ఇదే మాట చెప్పండి. తిరిగి ఎక్కాక కూడా హౌరా ట్రిప్పుకు రెండో డ్రైవర్ కావాలని గట్టిగా అడగండి.  2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటల పని, 5 గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని రాశారు. వేలం టైముకు చేపలు అందాలి, ఐసు కరిగి బండి వెనక నీళ్లు కారుతున్నాయని ఒక్క మనిషి చేత రాత్రంతా తోలించడం తప్పు. ఆ సరుకు వెల మీ ప్రాణం కంటే, ఎదురుగా వచ్చే బైకు మీది కుటుంబం కంటే ఎక్కువ కాదు.

చికిత్స కుదిరి మళ్లీ రోడ్డెక్కాక కళ్లు బరువెక్కితే సురక్షితమైన చోట బండి పక్కన పెట్టండి. ఒక కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు కన్నుమూయండి. కాఫీ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది, మీరు లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచాక ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి ఎక్కండి. ఆయిల్ కంపెనీల బంకుల్లో కొన్నిచోట్ల 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు పడకలు, స్నానాల గదులు ఉన్నాయి. దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కనుక్కోండి. హైవే మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చేయొచ్చు.

షుగర్ గురించి రెండు మాటలు. మీరు వేసుకునే గ్లిమెపిరైడ్ భోజనం ఆలస్యమైతే షుగర్‌ను మరీ కిందికి లాగేస్తుంది. చెమటలు, చేతుల వణుకు, కళ్లు మసకబారడం, తిక్కతిక్కగా అనిపించడం జరిగితే అది నిద్ర అనుకోకండి. బండి ఆపి మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ గానీ తినండి, 15 నిమిషాలకు పరీక్షించండి, 70 దాటకపోతే మళ్లీ తినండి. సర్దుకున్నాక కూడా ముప్పావు గంట నడపొద్దు. గ్లూకోమీటరు, గ్లూకోజ్ పొట్లం చేతికందేచోట ఉండాలి, సీటు కింద పెట్టెలో కాదు. లారీ నడిపేవారికి షుగర్ మరీ పడిపోకుండా చూసే వేరే మందులున్నాయి, మార్చే వీలుందేమో మీ డాక్టర్ని అడగండి. టాయిలెట్ కోసం ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అలవాటుంటే వదిలేయండి, కిడ్నీలో రాళ్లు వస్తాయి. రాత్రి భోజనంలో పళ్లెం నిండా అన్నం పెట్టుకుని స్టీరింగ్ ఎక్కితే మగత ఇంకా పెరుగుతుంది. ధాబాలో అయితే రెండు రొట్టెలు, పప్పు, గుడ్లు చాలు. బండిలోనే స్టవ్ పెట్టి వండుకునేవాళ్లయితే అన్నం సగానికి తగ్గించి చేపల కూర, కూరగాయలు పెంచండి.

ఎడమ పాదం తిమ్మిరిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత బండ్లలో ఇంజిన్ మూత డ్రైవర్‌కు ఎడమ పక్కనే ఉంటుంది, వేడంతా ఆ కాలికి కొడుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నా తెలియదు. చెప్పుల్లేకుండా నడిపేవాళ్లకు అరికాలు పొక్కి, పుండై, చీము పట్టాక గానీ తెలియదు, అప్పటికి వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. క్లచ్ మీద కాలు ఎంత నొక్కిందో సరిగ్గా తెలియకపోయినా ప్రమాదమే. కాటన్ మేజోళ్లు, కాస్త వదులుగా ఉండే మూసిన బూట్లు వేసుకోండి. రోజూ పడుకునే ముందు ఫోన్ లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. పాదాల స్పర్శ పరీక్ష, మూడు నెలల సగటు షుగర్, కిడ్నీ పరీక్ష, కంటి రెటీనా పరీక్ష, బీపీ, వీటన్నిటినీ స్లీప్ స్టడీతో పాటే చేయించుకోండి. తిమ్మిరికి నడుము దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా కారణం కావచ్చు, నడుంనొప్పి కాలికి పాకుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. మీరు నిద్రపోయాక ఏం జరుగుతోందో చూస్తున్నది ఆమే. ఈ రెండు మూడు రోజుల్లో మీరు గురక పెడుతూ ఊపిరి ఆగినప్పుడు ఫోన్‌లో వీడియో తీయమనండి, ఒక్క నిమిషం చాలు, మాలాంటివాళ్లకు అది ఎంతో పనికొస్తుంది.