‘పిల్లల బొమ్మ’తో ఆట తయారుచేస్తున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఏడాదిన్నరగా ఆర్‌పీజీ మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తోంది. సెలవు రోజున పొద్దున్నే కూర్చుంటే చీకటి పడేదాకా లేవదు. గేమ్ డిజైనర్‌నవుతానని, దీనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదవనని అంటోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మా తమ్ముడేమో ‘అది పిల్లల బొమ్మ అన్నయ్యా, అది చూసి ఉద్యోగం ఎవరిస్తారు?’ అని కొట్టిపారేస్తున్నాడు. మొన్న నాకు ఆట చూపించబోతే కథానాయిక ఒక గుమ్మం దగ్గర బిగుసుకుపోయింది. దాన్ని కదిలించడానికి మా అమ్మాయికి నాలుగు గంటలు పట్టింది. ప్రోత్సహించాలా, మాన్పించాలా?
- ఒక తండ్రి

జవాబు: ముందు ఆ గుమ్మం దగ్గరికే వెళదాం. మీ తమ్ముడి మాటలో ఎంత నిజముందో, మీ అమ్మాయి మాటలో ఎంత ఉందో అక్కడే తేలిపోతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ఊళ్లు, ఇళ్లు, అడవులు అన్నీ చిన్న చిన్న చదరాలతో పేర్చిన పటాలు. ఏదైనా జరగాలంటే ఒక చదరం మీద ‘ఈవెంట్’ పెట్టాలి. అది ఎప్పుడు మొదలవ్వాలో, మొదలయ్యాక ఏమేం జరగాలో వరసగా చెప్పాలి. మొదలయ్యే పద్ధతుల్లో ‘ఆటోరన్’ ఒకటి. ఆడేవారు ఆ పటంలోకి అడుగుపెట్టగానే అది దానంతటదే మొదలవుతుంది. నడుస్తున్నంతసేపూ పాత్రను కదిలించడం ఆడేవారి చేతిలో ఉండదు. కథలో ముఖ్యమైన సన్నివేశాలకు ఇదే వాడతారు. చిక్కెక్కడంటే, సన్నివేశం పూర్తయ్యాక ‘ఇక చాలు, మళ్లీ మొదలుపెట్టకు’ అని కూడా మనమే చెప్పాలి. చెప్పకపోతే అది మళ్లీ మొదటికొస్తుంది. మాటలున్న సన్నివేశమైతే అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి తప్పు తొందరగా దొరుకుతుంది. మాటలు లేనిదైతే తెర మీద ఏ మార్పూ కనిపించదు, పాత్ర మాత్రం కొయ్యబొమ్మలా నిలబడిపోతుంది. మీరు చూసింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. విరుగుడు చిన్నదే. సన్నివేశం చివర్లో ఆ ఈవెంట్‌కే చెందిన ఒక స్విచ్‌ను వేయడం, అది వేసి ఉన్నప్పుడు ఏమీ చేయకుండా ఊరుకునే రెండో పేజీని, అంటే సూచనల రెండో జాబితాను చేర్చడం. ఈ పొరపాటు చేయకుండా ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఆ నాలుగు గంటలూ మీ అమ్మాయి చేసింది ప్రోగ్రామింగే. ఒక షరతు, ఒక స్థితి, ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగే వలయం, తప్పు ఎక్కడుందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం. కోడు టైపు చేయలేదంతే. కాబట్టి ‘ప్రోగ్రామింగ్ అక్కర్లేదు’ అన్న ఆమె మాట సగమే నిజం. ‘పిల్లల బొమ్మ’ అన్న మీ తమ్ముడి మాటా అంతే.

ఈ సాఫ్ట్‌వేర్ నిన్న మొన్నటిది కాదు. 1992లో జపాన్‌లో ‘త్సుకూరు’ అనే పేరుతో మొదలైంది. జపనీస్‌లో తయారుచేయడం అనే మాటనూ, టూల్ అనే మాటనూ కలిపి చేసిన శ్లేష అది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా కథ, పాత్రలు, పోరాటాలు ఉన్న ఆటను తామే చేసుకోగలగాలన్నది ఉద్దేశం. 2015లో వచ్చిన ఎంవీ, 2020లో వచ్చిన ఎంజెడ్ అనే వెర్షన్లు మీ అమ్మాయి తరం వాళ్లు ఎక్కువగా వాడేవి.

దీని అసలు బలం ఏమిటంటే, కూర్చున్న రోజు సాయంత్రానికే ఆడదగ్గదేదో ఒకటి చేతికొస్తుంది. సంభాషణల పెట్టెలు, సంచిలో వస్తువులు, అంగడి, వంతులవారీ పోరాటం, ఆటను భద్రపరచుకోవడం అన్నీ ముందే ఉంటాయి. ఇవన్నీ ఒంటరిగా మొదటినుంచి రాసుకోవాలంటే కొత్తవాళ్లకు నెలలు పడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. ఇక్కడ ఆ పని తప్పిపోవడంతో డిజైన్ ప్రశ్నలు మొదటి వారంలోనే ఎదురవుతాయి.

ఒకటి చూపిస్తాను. ఎంవీ, ఎంజెడ్‌లలో మామూలు దెబ్బకు ముందే ఇచ్చిన లెక్క ఇది: కొట్టేవాడి దాడి బలాన్ని నాలుగుతో హెచ్చవేసి, అందులోంచి దెబ్బ తినేవాడి రక్షణ బలానికి రెండింతలు తీసివేయాలి. కథానాయిక దాడి బలం 20 అనుకోండి. నాలుగుతో హెచ్చవేస్తే 80. శత్రువు రక్షణ 15 అయితే దెబ్బ 50. రక్షణ 35 అయితే దెబ్బ 10. మరో అయిదు పెంచి 40 చేస్తే సున్నా, ఆమె ఎంత కొట్టినా బండరాయిని కొట్టినట్టే. మొదట్లో ఇరవై పెంచినా ఆట ఆడదగ్గట్టే ఉంది, చివర్లో అయిదు పెంచితే ఆటే ఆగిపోయింది. తీసివేతతో కట్టిన లెక్కలకు ఈ గుణం ఉంటుంది. దీన్ని గమనించి, లెక్కనే మార్చుకోవాలా, అంకెలు సర్దుకోవాలా అని ఆలోచించడమే గేమ్ డిజైనర్ రోజువారీ పని. మీ అమ్మాయిని ఊరికే అడిగి చూడండి: ‘నీ ఆటలో రెండో ఊరి బయట ఉన్న శత్రువు ఎన్ని దెబ్బలకు పడిపోతాడు?’ అని. ఆ అంకెలన్నీ ఉండే డేటాబేస్ తెరవకుండా చెప్పగలిగితే సంతోషించండి.

ఈ సాధనంతో పెద్ద పేరు తెచ్చుకున్న ఆటలూ ఉన్నాయి. 2011లో వచ్చిన ‘టు ద మూన్’ పోరాటాలను దాదాపు పక్కనపెట్టి కథ మీదే నిలిచింది. 2020 డిసెంబరులో వచ్చిన ‘ఒమోరి’ ఎంవీతో చేసినదే. అయితే పిల్లలు ఈ పేర్లు చెప్పినప్పుడు రెండు సంగతులు వదిలేస్తారు. ఒమోరికి జనం నుంచి చందాలు పోగుచేసింది 2014లో. చేతికొచ్చేసరికి ఆరేళ్లు దాటింది. పైగా ఆ రెండు ఆటల్లోనూ జనం ప్రేమించింది సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా వచ్చిన సరుకును కాదు.

ఆ ఉచిత సరుకే దీని మొదటి పరిమితి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే చెట్లు, ఇళ్లు, ముఖాలు, సంగీతం అందరి దగ్గరా ఉంటాయి. అనుభవం ఉన్న ఆటగాడు మొదటి నిమిషంలోనే గుర్తుపట్టి, ఇంకేమీ చూడకుండానే ఒక అంచనాకు వచ్చేస్తాడు. అన్యాయమే, కానీ జరిగేది అదే. ఆ బొమ్మలను, సంగీతాన్ని ఎక్కడ ఎలా వాడుకోవచ్చో షరతులుంటాయి. ఆట అమ్మాలనుకుంటే అవి ముందే చదవాలి.

రెండోది మరీ ముఖ్యం. వంతులవారీ పోరాటం, చదరాల మీద నడక, రెండు కొలతల బొమ్మలు. ఈ మూడింటి లోపల ఉన్నంతకాలం నల్లేరు మీద బండి నడకే. అవి దాటి పరిగెత్తుతూ కత్తి తిప్పే ఆట కావాలన్నా, నలుగురు వేర్వేరు చోట్ల నుంచి కలిసి ఆడే ఆట కావాలన్నా సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ మొదలవుతుంది. త్రిమితీయ ఆటల సంగతి ఎత్తనే అక్కర్లేదు.

ఆ కుస్తీలో పిల్లలు పట్టుకునే ఆయుధం ప్లగిన్లు. ఎవరో రాసి పెట్టిన జావాస్క్రిప్ట్ ముక్కలివి. ఒకటి రెండైతే వరమే. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రవాడు నలభై దాకా తగిలించుకున్నాడు. మూడో అధ్యాయంలో ఆట ఆగిపోతోంది. ఎందుకని అడిగితే బిక్కమొహం వేశాడు. రెండు ప్లగిన్లు లోపల ఒకే పనిని చెరో రకంగా మార్చి రాస్తుంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. అరువు సొమ్ములు బరువు చేటు అని మన పెద్దలు ప్లగిన్ల గురించే అన్నారా అనిపిస్తుంది నాకు. ఆ కుర్రవాడు నెల రోజులు కూర్చుని ఒక్కొక్కటే తీసేస్తూ ఆరింటికి దించాడు. ఆ నెలలో నేర్చుకున్నంత అంతకుముందు రెండేళ్లలో నేర్చుకోలేదని అతనే అన్నాడు.

ఇక ఉద్యోగాల సంగతి. మీ తమ్ముడికి నేనిచ్చే మార్కులు ఇక్కడే. గేమ్ కంపెనీల్లో ప్రోగ్రామర్ ఉద్యోగాలకు అడిగేవి సీ ప్లస్ ప్లస్, సీ షార్ప్ వంటి భాషలు, అన్‌రియల్, యూనిటీ వంటి ఇంజిన్లు (ఆటలు తయారుచేసే సాధనాలు). ‘ఆర్‌పీజీ మేకర్ వచ్చు’ అన్న ఒక్క వాక్యానికి అక్కడ విలువ లేదు. పైగా కంపెనీ అంటే జట్టు పని. పదిమంది ఒకే ఆటలో వేర్వేరు భాగాలు మారుస్తుంటే ఎవరి మార్పూ పోకుండా చూసుకునే పద్ధతులుంటాయి. ఒంటరిగా పటాలు పేర్చుకునేవారికి ఆ అలవాటు అబ్బదు. కానీ డిజైన్, కథారచన, లెవెల్ డిజైన్ (ఆటలోని ఒక్కో దశను తీర్చిదిద్దడం) వైపు వెళ్లేవారి విషయంలో ఎదుటివాళ్లు చూడాలనుకునేది ‘ఏదీ, చేసింది చూపించు’ అనే. అక్కడ పూర్తయిన ఒక చిన్న ఆట ఒక వాదన లాంటిది. ఏ సాధనంతో చేశారన్నది తర్వాతి ప్రశ్న. నేరుగా డిజైనర్‌గా తీసుకునే ఖాళీలు తక్కువని, చాలామంది ఆట ఆడి తప్పులు పట్టే పరీక్షకుల పనితోనో మరేదైనా చిన్న పనితోనో లోపలికి అడుగుపెడతారని కూడా ఆమెకు ఇప్పుడే తెలియాలి.

మరి ఏ చదువు? నేను పిల్లల్ని అడగను, చూస్తాను. మీరూ ఒక నెల చూడండి. సాఫ్ట్‌వేర్ ‘ఇది నావల్ల కాదు’ అన్నచోట మీ అమ్మాయి ఏం చేస్తోంది? ప్లగిన్ తెరిచి లోపల ఏముందో గెలికితే ఆమెకు కంప్యూటర్ సైన్స్ రుచిస్తుంది, ఇప్పుడు వద్దన్నా సరే. ఉచిత బొమ్మలు నచ్చక తానే గీసుకోవడం మొదలుపెడితే చిత్రకళ, యానిమేషన్ వైపు చూడండి. అలాంటి పిల్లను ప్రోగ్రామింగ్‌లోకి తోసేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. పోరాటాలు తీసేసి పేజీలకు పేజీలు సంభాషణలు రాస్తుంటే భాష, సాహిత్యం, మనస్తత్వశాస్త్రం కూడా దారులే. ఏదీ చేయకుండా మరో కొత్త ఆట మొదలుపెడితే మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. ఎటూ తేలకపోతే నా ఓటు కంప్యూటర్ సైన్స్‌కే. ఆటల రంగం ముఖం చాటేసినా అది అన్నం పెడుతుంది.

మాన్పించవద్దు. గడువు పెట్టండి. అదేమిటో ఆమెకే చెబుతాను, కింది మాటలు చూపించండి.

అమ్మా, ఏడాదిన్నరగా ఒకే ఆట అంటే నీ కథలో రాజ్యాలు ఎక్కువయ్యాయని నా అనుమానం. పటం చేర్చడం ఇంత తేలికైనప్పుడు ఎవరికైనా ఆశ పెరుగుతుంది. దాన్ని పారేయకు, పక్కన పెట్టు. అందులోంచి ఒక్క ఊరు, ఒక్క సమస్య, నలుగురు మనుషులు తీసుకుని ఇరవై నిమిషాల్లో ముగిసే ఆట చెయ్యి. మూడు నెలలు. ప్లగిన్లు మూడుకు మించవద్దు, ఆ మూడూ ఏం చేస్తాయో నువ్వు నాకు చెప్పగలగాలి. పూర్తయ్యాక ఆ ఆటను ఎరుగని ఇద్దరిచేత ఆడించు. వాళ్ల పక్కన కూర్చో, నోరు మాత్రం విప్పకు. ‘అటు కాదు, ఇటు వెళ్లు’ అని చెప్పాలనిపించిన ప్రతిచోటా కాగితం మీద గీత గీసుకో. దిద్దవలసినవి అవే.

ఆ తర్వాత గోడో అనే ఇంజిన్ దించుకో. ఉచితం, దాని కోడు కూడా అందరికీ తెరిచే ఉంటుంది. అందులో ఒక్క గది, ఒక పాత్ర, ఒక తలుపు, పలకరిస్తే ఒక మాట మాట్లాడే ముసలాయన. అంతే చెయ్యి. ఆ ఒక్క మాట పెట్టెలో కనిపించడానికి ఎంత పని ఉందో చూశాక, ఇన్నాళ్లూ నీకు ఊరికే దొరికినవేమిటో అర్థమవుతుంది. విసుగు పుట్టిందా, ఇంకా చేయాలనిపించిందా అన్నది కంప్యూటర్ సైన్స్ ప్రశ్నకు నీ జవాబు. మీ బాబాయి మాటో, నా మాటో కాదు.

ఇరవై నిమిషాల ఆట అయ్యాక నాకూ పంపు. ఆడి, ఎక్కడ ఇరుక్కున్నానో రాస్తాను. గుమ్మాలన్నీ ఒకసారి చూసుకుని పంపు.