ఎముకను పెంచే కొత్త మందు కోసం ఆగొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. మూడు నెలల కిందట నీళ్ల బిందె ఎత్తబోతే నడుములో వెన్నుపూస విరిగింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ (ఎంత తక్కువైతే ఎముక అంత బలహీనం) మైనస్ 3.4. రెండేళ్లుగా వారానికో అలెండ్రోనేట్ మాత్ర వేసుకుంటోంది. ఎముకను తిరిగి పెంచే హార్మోన్ కనిపెట్టారని చదివాం. అది వచ్చేదాకా ఆగమంటారా?
– ఓ పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: ఆగకండమ్మా. మీరు చదివింది బహుశా సీసీఎన్3 గురించి. పాలిచ్చే ఎలుకల మెదడులో ఊరే ఈ హార్మోన్ ఎముకను పెంచుతోందని 2024లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఫలితాలు ఎలుకలవి. ఎముక చిక్కబడటం వేరు, విరగకుండా నిలబడటం వేరు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూసిన మీ జిల్లావాళ్లకు ఈ తేడా తెలియంది కాదు. ఆ ఫ్లోరైడ్‌నే ఒకప్పుడు మందుగానూ ఇచ్చి చూశారు. 1990లో వెలువడిన అమెరికా అధ్యయనంలో నాలుగేళ్లకు వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా అవి విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మాత్రం ఎక్కువైంది.

అలెండ్రోనేట్ ఎముక అరుగుదలను ఆపుతుంది, కొత్తది కట్టదు. పైగా దాన్ని పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. టీతోనో కాఫీతోనో వేసుకుంటే ఒంటికి పట్టేదే చాలా తక్కువ. అమ్మగారు ఎలా వేసుకున్నారో అడగండి. ఏదేమైనా ఈ స్కోరుకు, తాజాగా విరిగిన వెన్నుపూసకు ఇప్పుడు కావలసింది ఎముకను కట్టే మందే.

అలాంటివాటిలో ఒకటి టెరిపారటైడ్. రక్తంలో కాల్షియంను అదుపుచేసే పారాథైరాయిడ్ హార్మోన్‌లో ఒక ముక్క ఇది, 2002 నుంచీ వాడుకలో ఉంది. పారాథైరాయిడ్ హార్మోన్ రోజంతా ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. అదే రోజుకోసారి కాసేపు పెరిగి తగ్గితే ఎముకను కట్టే కణాలు చురుకవుతాయి. అందుకే రోజూ 20 మైక్రోగ్రాములు, పొట్ట లేదా తొడ చర్మం కింద, సాధారణంగా రెండేళ్ల వరకు ఇస్తాం. ఒకరోజు మరిచిపోయినా మర్నాడు రెండు డోసులు వద్దు. మందు నింపిన ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. మొదలుపెట్టిన 28 రోజులకు మందు మిగిలినా పారేయాలి. మొదటి కొన్ని డోసులకు కళ్లు తిరగొచ్చు, కూర్చోబెట్టి ఇవ్వండి. కాల్షియం పరీక్షకు రక్తం డోసు పడిన 16 గంటల తర్వాతే ఇవ్వాలి.

మొదలుపెట్టే ముందు కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్షలు చూడాలి. బిందె ఎత్తితేనే వెన్నుపూస విరిగింది కాబట్టి మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) లేదని కూడా తేల్చుకోవాలి. క్యాన్సర్ ఎముకకు పాకినా, గతంలో ఎముకలకు రేడియేషన్ తగిలినా ఈ మందు ఇవ్వకూడదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. దానివల్ల వెన్ను స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించొచ్చు, పీటీహెచ్ పెరిగి ఉండొచ్చు.

ఎముకను కట్టే మందుల్లో రెండోది రోమోసోజుమాబ్. నెలకు 210 మిల్లీగ్రాములు, రెండు ఇంజెక్షన్లుగా, ఏడాదిపాటు. ఎముక కట్టడాన్ని అణచే స్క్లెరోస్టిన్‌ను ఇది అడ్డుకుంటుంది. గత ఏడాదిలో గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇవ్వం.

చాలామంది తప్పటడుగు వేసేది కోర్సు ముగిశాక. నొప్పి తగ్గిందని అన్నీ మానేస్తే, కట్టిన ఎముక నెలల్లోనే కరగడం మొదలవుతుంది. వెంటనే అలెండ్రోనేట్‌కు మళ్లడమో, ఏడాదికోసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లో ఎక్కించడమో చేయాలి. ఎముక అరుగుదలను ఆపేందుకే ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఎంచుకుంటే డోసు ఆలస్యం చేయొద్దు. అది మధ్యలో ఆపేస్తే ఒకేసారి రెండుమూడు వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. ఆఖరి పెన్ను తెరిచిన రోజే తర్వాతి మందుకు అపాయింట్‌మెంట్ తీసుకోండి.