కరక్కాయ నలుపు, మగ్గం ముడతలు, గిన్నెలా లేచే లేసు
చేతిపనులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: లేసు అల్లిక, మగ్గం వర్క్, కలంకారీ, బొమ్మలకు రంగులు వేయడం అన్నీ ఇష్టమే. ఒకటి పూర్తి చేయకుండా ఇంకొకటి మొదలుపెడతానని ఇంట్లో సణుగుతున్నారు. ఒక్కదానికే కట్టుబడాలా? (పటమట, విజయవాడ)

జవాబు: అక్కర్లేదు. ఒక పని ఇంకోదానికి అడ్డురాకుండా ఎంచుకుంటే చాలు. సంచిలో వేసుకుని వెళ్లగలిగేది ఒకటి (లేసు, క్రాస్ స్టిచ్), ఇంట్లో చోటు కావాల్సింది ఒకటి (మగ్గం), ఎండ కావాల్సింది ఒకటి (కలంకారీ). మూడింటికి మించి చేతిలో పెట్టుకోవద్దు. మధ్యలో ఆగిన పనులు అటకెక్కడానికి కారణం చాలాసార్లు బద్ధకం కాదు, ఎక్కడ ఆపామో మరిచిపోవడం. పక్కన పెట్టేటప్పుడు ఒక చీటీ మీద సూది నంబరు, దారం షేడు నంబరు, ఎన్ని పోగులు వాడారు, ఏ వరుసలో ఆపారు అన్నవి రాసి ఆ సంచిలోనే వేయండి. ఒక పనికి పట్టే దారమంతా ఒకేసారి కొనండి. షేడు నంబరు ఒకటే అయినా అద్దకం విడత మారితే రంగులో తేడా వస్తుంది, అది కుట్టాకే బయటపడుతుంది.

ప్రశ్న: ఇనుప మేకులు బెల్లం నీళ్లలో నానబెట్టి కలంకారీ నలుపు తయారుచేశాను. గీసినప్పుడు బాగానే ఉంది. ఉతికాక బూడిద రంగుకు తిరిగింది. గీతల అంచులు కూడా పాకాయి. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. గీసే ముందు గుడ్డకు కరక్కాయ కలిపిన పాలు పట్టిస్తాం కదా, నలుపు తేలకపోవడం అందులోని కరక్కాయ వల్ల, పాకడం పాల వల్ల. మీరు ఇనుము ఊరిన నీటినే అనుమానిస్తున్నట్టున్నారు. నలుపు ఆ నీటిలో ఉండదు. బట్టకు పట్టిన కరక్కాయ వగరుతో ఇనుము కలిసినప్పుడే పుడుతుంది. కరక్కాయ సరిగ్గా పట్టని బట్ట మీద ఎంత గీసినా బూడిదే మిగులుతుంది.

ముందు బట్ట సంగతి. కొత్త కాటన్ గుడ్డకు గంజి ఉంటుంది. సబ్బుతో ఉతికి, రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, మళ్లీ ఉతికి ఆరేయండి. ఆరాక ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే సరే. చుక్క పైనే నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టు, మళ్లీ ఉతకాలి.

తర్వాత కరక్కాయ పాలు. ఒక మీటరు గుడ్డకు లీటరు పచ్చి గేదె పాలు, వంద గ్రాముల కరక్కాయ పొడి పాళ్లతో మొదలుపెట్టండి. కాయలు కొని, గింజ తీసేసి, పెచ్చు దంచుకుంటే మేలు. గుడ్డను అందులో పదిహేను, ఇరవై నిమిషాలు పిసుకుతూ తడపాలి. పిండేసి, మడత లేకుండా పరిచి ఎండలో ఆరేయాలి. మడతల్లో పాలు నిలిస్తే అక్కడ మచ్చలు కడతాయి. రంగు పాకకుండా ఆపేది పాలలోని కొవ్వు. టోన్డ్ పాల ప్యాకెట్ వాడి ఉంటే అంచులు పాకడానికి అదే కారణం. ఇలా తయారైన గుడ్డను నెలల తరబడి దాచొద్దు, పురుగు పడుతుంది.

ఇనుము నీటికి లీటరు నీళ్లు, వంద గ్రాముల బెల్లం, రెండు వందల గ్రాముల తుప్పు మేకులు. కుండలో గానీ ప్లాస్టిక్ డబ్బాలో గానీ వేసి పైన గుడ్డ కట్టండి. మూత బిగించొద్దు. పులిసేటప్పుడు గాలి పుట్టి సీసా అయితే పగులుతుంది. రెండు మూడు వారాలకు నురగ తగ్గుతుంది, మన ఎండల్లో ఇంకా ముందే తగ్గొచ్చు. వడగట్టి, కరక్కాయ పెట్టిన చిన్న ముక్క మీద గీసి చూడండి. కాసేపట్లో నల్లబడితే తయారైనట్టే.

నల్లగా రావాలని ఒకే గీత మీద మూడు నాలుగుసార్లు దిద్దకండి. ఇనుము ఎక్కువైతే బట్ట కుళ్లుతుంది. పాత కలంకారీ గుడ్డల్లో ముందుగా చిరిగేవి నల్లగీతలే. కలం వెదురుదై, మొన సన్నగా చెక్కి, మొనకు అంగుళంన్నర పైన ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి దారంతో కట్టి ఉండాలి. ఆ చుట్టను వేళ్లతో నొక్కే బలాన్ని బట్టి రంగు దిగుతుంది. చుట్ట నుంచి చుక్క కారేంత తడిగా ముంచితే మొదటి గీతే పాడవుతుంది కాబట్టి, ముందు ఒక పాత గుడ్డ మీద నాలుగు గీతలు గీసి అప్పుడు అసలు గుడ్డ మీదికి రండి.

గీశాక ఒక రోజు ఆగి ఉతకండి. కలంకారీకి పేరున్న పెడనలో పారే నీటిలో జాడించేది ఊరికే కాదు. బట్టకు అంటుకోని మిగులు రంగు అక్కడే తిరిగి తెల్లటి చోటుకు పట్టకుండా కొట్టుకుపోవాలి. అపార్టుమెంటులో పారే నీరు కుదరదు కాబట్టి పెద్ద టబ్బులో గుడ్డను కదుపుతూ మూడు నాలుగు నీళ్లు మార్చండి. తడి గుడ్డను ముద్దగా వదిలేస్తే మాత్రం మచ్చ ఖాయం.

పటిక పెట్టి, మంజిష్ఠతో ఉడికించి తెచ్చే ఎరుపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. నలుపు కుదిరాక వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు పటికకు వేరే కలం, వేరే గిన్నె పెట్టుకోండి. కాస్త ఇనుము కలిసినా ఎరుపు మాడినట్టవుతుంది.

ప్రశ్న: రా సిల్క్ జాకెట్టు వీపు మీద మగ్గం వర్క్ చేశాను. మగ్గం మీద ఉన్నంతసేపూ చక్కగా ఉంది. తీయగానే డిజైను చుట్టూ ముడతలు పడ్డాయి. (మంగళగిరి)

జవాబు: మగ్గం మీద కనబడనిది దింపాక కనబడటం మామూలే. బట్టను మూలకు లాగి బిగించి ఉంటారు, లేదా గొలుసు కుట్టు దారం గట్టిగా గుంజి ఉంటారు. పడుగు, పేక (నిలువు, అడ్డం) పోగులు మగ్గం కర్రలకు నేరుగా ఉండాలి. ఏటవాలుగా సాగిన బట్ట దింపగానే వెనక్కి ముడుచుకుంటుంది, కుట్టు మాత్రం సాగినప్పటి కొలతలోనే నిలిచిపోతుంది. నాలుగు వైపులా గట్టి గుడ్డ పట్టీలు కుట్టి, వాటికే తాడు అల్లి బిగించండి. వేలితో మీటితే డప్పులా మోగాలి. రాత్రికి కొంత వదులవుతుంది, మర్నాడు కూర్చునే ముందు మళ్లీ బిగించాలి. వదులు మీద కొంత, బిగువు మీద కొంత కుడితే ముడత తప్పదు.

కింద చెయ్యి దారాన్ని అందించాలే తప్ప గుంజకూడదు. సూదిని పైకి తీసేటప్పుడు సగం తిప్పి, వీపు భాగంతో రంధ్రాన్ని కొద్దిగా నొక్కుతూ తీస్తే సూది మొనకున్న కొక్కెం బట్టకు తగులుకోదు. తగులుకున్న ప్రతిసారీ గుంజుతాం, ఆ గుంజుడే ముడతగా మిగులుతుంది. పూసలు, రాళ్లు ఒత్తుగా పడే చోట అడుగున కాటన్ లైనింగు కలిపి బిగించండి. ఆ లైనింగును ముందే తడిపి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది ముడుచుకుని పైబట్టను లాగేస్తుంది.

ఇప్పుడున్న జాకెట్టును మందపాటి తువ్వాలు మీద బోర్లా పరిచి, వెనక నుంచి ఆవిరి పట్టించండి. కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోతుందని చెప్పలేం. జిగురుతో అంటించిన రాళ్లున్న చోట వేడి వద్దు. ఇకముందు బట్ట కత్తిరించకుండానే టైలరు చేత మెడ, చేతుల గీతలు గీయించుకుని, కుట్టు గీతకు అర అంగుళం ఇవతలే పని ఆపండి. మిషను సూది పూస మీద పడితే విరిగేది సూదే. గొలుసు కుట్టు చివరి ఉచ్చును తప్పక ముడివేయండి. ఆ కొసను లాగితే వరుసంతా జారిపోతుంది.

ప్రశ్న: గుండ్రటి టీపాయ్ లేసు అల్లుతుంటే నాలుగో వరుసకే గిన్నెలా పైకి లేస్తోంది. వీడియోలో చెప్పినట్టే వరుసకు ఆరు చొప్పున పెంచుతున్నాను. (గుణదల, విజయవాడ)

జవాబు: ఆరు అనేది పొట్టి కుట్టు లెక్క. మీరు అల్లుతున్నది సూది మీద ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్టు అయి ఉంటుంది. దానికి మొదటి వరుసలో పన్నెండు, తర్వాత ఇరవై నాలుగు, ముప్పై ఆరు, నలభై ఎనిమిది, అంటే ప్రతి వరుసకూ పన్నెండు పెరగాలి. ఈ తికమక మీది కాదు. బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అనేది అమెరికా లెక్కలో సింగిల్, అంటే మన పొట్టి కుట్టే. వీడియో ఏ దేశానిదో చూసుకోండి. ఇంకో మాట: అంచు అలల్లా తిరిగితే పెంపు ఎక్కువైనట్టు, గిన్నెలా లేస్తే తక్కువైనట్టు. లేచిన వరుస దాకా విప్పి మళ్లీ అల్లండి. గంజితో, ఇస్త్రీతో ఇది దారికి రాదు.

సరిగ్గా వచ్చిన లేసుకు మాత్రం గంజి అందమే. పల్చటి సగ్గుబియ్యం గంజిలో ముంచి, పిండి, థర్మకోల్ షీటు మీద తుప్పు పట్టని పిన్నులతో గుండ్రంగా లాగి గుచ్చి, పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలం గంజి పెట్టిన లేసులు బీరువాలో దాచొద్దు, బూజు పడతాయి.

ప్రశ్న: 168 × 112 గడుల క్రాస్ స్టిచ్ బొమ్మకు మ్యాటీ క్లాత్ (గడుల గుడ్డ) ఎంత తీసుకోవాలి? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: గడుల సంఖ్యను అంగుళానికి వచ్చే గడులతో భాగించండి. అంగుళానికి 14 వస్తే బొమ్మ 12 × 8 అంగుళాలు. నాలుగు వైపులా మూడేసి కలిపితే 18 × 14 గుడ్డ. అదే అంగుళానికి 11 గడుల మ్యాటీ అయితే బొమ్మే 15 అంగుళాలు దాటుతుంది. మ్యాటీలో నిలువు, అడ్డం గడులు ఒక్కోసారి సమానంగా ఉండవు. దుకాణంలోనే స్కేలు పెట్టి రెండు వైపులా లెక్కపెట్టండి. తేడా ఉంటే మనిషి ముఖం సాగినట్టు వస్తుంది. 14 గడుల గుడ్డకు ఆరు పోగుల దారంలో రెండు పోగులు చాలు. పైన పడే గీత అన్ని గడుల్లో ఒకే వైపు వాలాలి.

ప్రశ్న: సంక్రాంతి కొలువులో పెట్టే పాత కొండపల్లి అంబారీ ఏనుగు తొండం విరిగింది. ఫెవిక్విక్ రెండుసార్లు పెట్టినా ఊడింది. (తెనాలి)

జవాబు: కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి తేలికైన, మెత్తటి కర్ర. పల్చటి జిగురును పీల్చేస్తుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. మిగిలిన కాస్తా పెళుసుగా గట్టిపడుతుంది. పాత జిగురు గీకేసి, రెండు ముక్కల్లోనూ సన్నటి రంధ్రం చేసి, వెదురు పుల్ల చిన్నది దూర్చి నిలపండి. దాని మీద మక్కు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, జల్లించిన రంపపు పొట్టు కలిపిన ముద్దే మక్కు. పల్చగా ఒక పూత వేసి నీడన ఆరాకే రెండోది వేయాలి. ఒకేసారి దళసరిగా పెడితే ఆరేటప్పుడు ముడుచుకుని పగుళ్లిస్తుంది. ఆఖరున సన్నటి గరుకు కాగితంతో నునుపు చేసి, సుద్ద పూత వేసి, రంగు వేయండి.

రంగుకు ముందు బొమ్మ అడుగున తడి దూదితో ఒకసారి అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అది నీటిరంగు బొమ్మ, తడిగుడ్డతో ఎక్కడా తుడవొద్దు, పొడి కుంచెతోనే దుమ్ము దులపాలి. అలాంటి బొమ్మ తొండానికి ఎనామిల్ వేస్తే అతుకు మీద మాత్రమే మెరుపు కనబడుతుంది. మెరుపు లేని పోస్టర్ కలరే వాడండి.