బుజ్జీ, ముందు ఆ పిన్నీసు పక్కన పెట్టు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు నెట్ వాళ్లని పిలవొద్దంటోంది అన్నయ్యా, తనే బాగుచేసుకుంటుందట, నన్ను పిన్నీసు అడిగింది, ఆ నెట్ డబ్బా వెనక బెజ్జంలో గుచ్చాలట" అని నవ్వుతూ చెప్పింది. మొదటి ముక్క వరకూ నాకూ భలే సంతోషం వేసింది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో వైర్లతో బతికినవాణ్ణి కదా, నా పోలిక ఒక్కటైనా మా చెల్లెలి కూతురికి వచ్చిందని మీ అత్తయ్యతో గొప్పలు కూడా పోయాను. పిన్నీసు మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది టైపు చేస్తున్నా, పూర్తిగా చదివేదాకా దేన్నీ ముట్టుకోకు.

ముందు ఒక మాట. ఏడో నెలలో నువ్వు టేబుల్ కిందకి దూరడానికి వీల్లేదు. వైర్లు చూడాల్సొస్తే మీ నాన్నని పిలువు. విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఇక పని. కంప్యూటర్‌లో నెట్ రావట్లేదు సరే, అదే వైఫై మీద నీ ఫోన్‌లో వస్తోందా? మొబైల్ డేటా ఆపేసి చూడాలి, లేకపోతే ఫోన్ నిన్ను మోసం చేస్తుంది. ఫోన్‌లో వస్తుంటే తప్పు కంప్యూటర్‌ది. ఫోన్‌లోనూ రాకపోతే తప్పు డబ్బాదో, బయట లైనుదో. సగం పని ఇక్కడే అయిపోతుంది. చాలామంది ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండానే గంటలు తినేస్తారు.

డబ్బా మీద లాస్ (LOS) అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఇంక నువ్వు చేసేదేమీ లేదు, నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ ఎక్కడో తెగుంటుంది. మన కోనసీమలో అయితే కొబ్బరిమట్ట పడుంటుంది, లేదా ఉడత కొరికుంటుంది. కంప్లైంట్ ఇచ్చి పడుకో. ఆ సన్నటి కేబుల్ మాత్రం పీకొద్దు, మడతపెట్టొద్దు, ఊడొచ్చిందని కొస కంటి ముందు పెట్టుకుని అసలే చూడొద్దు. అందులో వచ్చే లేజర్ మన కంటికి కనపడదు, కనపడలేదు కదా అని లేనట్టు కాదు.

కంప్లైంట్ నంబర్ కూడా బిల్లు మీద ఉన్నదే చూసి కొట్టు, గూగుల్‌లో వెతక్కు. మా వాకింగ్ స్నేహితుడొకాయన అలాగే వెతికి, ఎవడో కస్టమర్ కేర్ అన్నవాడు చెప్పిన స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించుకున్నాడు. పెన్షన్ డబ్బు అరగంటలో పోయింది. ఎవడైనా యాప్ వేసుకోమన్నాడంటే వెంటనే ఫోన్ కట్ చెయ్. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి, ఎంత త్వరగా కొడితే అంత మంచిది.

ఇప్పుడు పిన్నీసు సంగతి. నేనూ గుచ్చాను బుజ్జీ, 2012లో, కాకినాడలో మా పక్కింట్లో. ఆ ఇంటి కుర్రాడు బ్యాంకు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకోవాలి, ఆ రోజే ఆఖరు, పైగా ఆదివారం. సాయంత్రం పరిగెత్తుకొచ్చి "అంకుల్, న్యూస్ సైట్లు వస్తున్నాయి, ఆ అప్లికేషన్ పేజీ ఒక్కటే రావట్లేదు" అన్నాడు. వాడు రోగం పేరుతో సహా చెప్పాడు, వినే చెవులు నాకు లేవు. టెలిఫోన్ ఆఫీసు మనిషిని కదా, నాకు వాడు చెప్పేదేమిటి! సరాసరి మోడెమ్, అంటే వాళ్ల నెట్ డబ్బా, దగ్గరికెళ్లాను. డీఎస్ఎల్ లైటు నిశ్చలంగా వెలుగుతోంది, అంటే లైను బంగారంలా ఉంది. అది చూసి కూడా వాళ్లమ్మ జాకెట్టుకున్న పిన్నీసు అడిగి, రీసెట్ బెజ్జంలో పెట్టి పది అంకెలు లెక్కపెట్టాను.

లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయి. ఇంటర్నెట్ లైటు ఒక్కటి వెలగలేదు. ఎలా వెలుగుతుంది? రీసెట్ నొక్కితే మోడెమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి వెళ్లిపోతుంది, అందులో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అవి రాసిన కాగితం ఎక్కడుందంటే కుర్రాడి నాన్న బీరువా కింద పరిచిన పేపర్లు కూడా లేపి చూశాడు. దొరకలేదు. ఆదివారం, ఆఫీసులో ఎత్తేవాళ్లు లేరు. అప్పటిదాకా న్యూస్ సైట్లన్నా వచ్చేవి, నేను చెయ్యి పెట్టాక అవీ పోయాయి.

కుర్రాణ్ణి స్కూటర్ మీద ఎక్కించుకుని నెట్ సెంటర్‌కి పరిగెత్తాం. అక్కడ ఆఖరి రోజు జనం. వాడి వంతు వచ్చేసరికి పేజీ తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, అలా పన్నెండు దాటింది. ఇంటికొచ్చాక వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. గేటు దగ్గర నిలబడి "అన్నం తిన్నారా" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మా ఆఫీసు కుర్రాడొచ్చి మోడెమ్ సరిచేశాడు. నెట్ వచ్చింది, బ్యాంకు సైటు మాత్రం మళ్లీ రాలేదు. ఈసారి వాడు మోడెమ్ వైపు కూడా చూడకుండా స్క్రీన్ మూల వేలు పెట్టి చూపించాడు. తేదీ 2002 జనవరి 1. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ పదేళ్లు వెనక్కి వెళ్లిపోతోంది. బ్యాంకుల్లాంటి సైట్లకి అవి అసలువేనని చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది, బ్రౌజర్ దాని గడువుని కంప్యూటర్ తేదీతో పోల్చి చూస్తుంది, తేదీ కుదరకపోతే సైటు తెరవదు. తేదీ మారిస్తే అర నిమిషంలో అయ్యే పని అది. ఆ అబ్బాయి తర్వాత ఇంకో ఉద్యోగంలో కుదురుకున్నాడు, ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాడు, నేనే ఫోన్ వచ్చినట్టు పక్కకి తిరుగుతా.

కాబట్టి తల్లీ, మీ నాన్న డెస్క్‌టాప్ కూడా పాతదే, ముందు తేదీ చూడు. తర్వాత డబ్బా స్విచ్చి ఆపి, ఓ నిమిషం ఆగి వెయ్యి. స్విచ్చి ఆపడం వేరు, రీసెట్ వేరు, దీనికి ఏదీ చెరిగిపోదు. ఇంకా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టు. 169.254తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే కంప్యూటర్ అడ్రస్ అడిగింది గానీ ఎవరూ ఇవ్వలేదని అర్థం, కేబులో వైఫైయో చూసుకోవాలి. 192.168 ఉంటే డబ్బా దాకా దారి బాగున్నట్టే. అప్పుడు అక్కడే ping 8.8.8.8 అని కొట్టు, అది గూగుల్ వాళ్ల సర్వర్, బయటి నుంచి జవాబు వస్తోందో లేదో తెలుస్తుంది. జవాబు వస్తూ కూడా సైట్లు తెరుచుకోకపోతే సైటు పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్‌లో తేడా, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, మార్చి పెడదాం. ఏది మార్చినా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకో.

ఉరుము వినపడితే మాత్రం పాఠం మధ్యలో ఉన్నా సరే ప్లగ్గు పీకించు. ఫైబర్‌లోంచి పిడుగు రాదు, నిజమే, కరెంటు వైరులోంచి వస్తుంది. కాలిపోయిన మోడెమ్‌లు ఎన్ని చూశానో. పిల్లలకి ఒక రోజు ఆన్‌లైన్ ట్యూషన్ పోతే ఏం కాదు, ఆ హెడ్‌ఫోన్స్ తీసేసి కాసేపు నడుం వాల్చు. మీ అత్తయ్య పంపిన సున్నుండలు తింటున్నావా, అలాగే డబ్బాలో ఉన్నాయా?

అన్నట్టు మీ ఇంట్లో కనెక్షన్ పెట్టించిన రోజున యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నేనే గోడ అలమారా తలుపు వెనక పెన్సిల్‌తో రాశాను, మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీ సీమంతానికి ఇల్లంతా రంగులేయించారట. ఆ తలుపు లోపల కూడా వేశారేమో, ఒకసారి తీసి చూసి చెప్పు.

మీ మావయ్య