ఎన్నారై సందేహాలు: గట్టి నేల మీద ఆనింగ్ నిలిచేదెలా?

ప్రశ్న: అడిలైడ్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. ఈస్టర్ సెలవులకు రెండు కుటుంబాలం కలిసి ఫ్లిండర్స్ రేంజెస్ కొండలకు వెళ్తున్నాము. కారు పైకప్పుకు బిగించిన ఆనింగ్, అంటే పక్కకు పరిచి కాళ్ల మీద నిలబెట్టే గుడ్డ పందిరి, ఉంది. అక్కడి నేలలో మేకులు దిగవని స్నేహితులు భయపెడుతున్నారు. దాని కాళ్లకు బరువులు కట్టి నిలబెడితే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, మీరు చేయబోతున్న పనిని నేను 2012 ఈస్టర్‌కే చేసి, దానికి ఎంత ఖర్చవుతుందో పైసలతో సహా తెలుసుకున్నాను.

అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి ఏడాదిన్నర. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకోనిదే జేబులోంచి తీసేవాణ్ని కాను. మీరూ ఇప్పుడు ఆ దశలోనే ఉండి ఉంటారు. ఆనింగ్‌కు 250 డాలర్లు, అంటే ఆనాటి లెక్కన దాదాపు 13,000 రూపాయలు పోసి, దుకాణంలోని కుర్రవాడు గట్టి నేలకు పనికొచ్చే మేకులు విడిగా తీసుకోమని చెబితే, ముప్పై డాలర్లనగానే ఇదంతా అమ్ముకునే నేర్పులే అనుకుని బయటికి వచ్చేశాను. సుత్తి కూడా కొనలేదు.

అడిలైడ్ నుంచి ఫ్లిండర్స్‌లోని విల్పీనా పౌండ్‌కు సుమారు 430 కిలోమీటర్లు. సాయంత్రానికి చేరుకుని, ఆనింగ్‌తోపాటు వచ్చిన సన్నని మేకును రాయితో కొడితే రెండంగుళాలు దిగి కొక్కెంలా వంగిపోయింది. రెండోదీ అంతే, మూడో దెబ్బ నా బొటనవేలి మీద పడింది. ఇక తెలివి ఉపయోగించి, ఒక కాలి తాడును పది కిలోల సోనామసూరి బియ్యం సంచికీ, రెండో కాలి తాడును ఐస్ పెట్టెకూ కట్టి పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక గాలి లేచింది. గుడ్డ తెరచాపలా ఉబ్బి, సంచినీ పెట్టెనూ ఈడ్చుకుంటూ కారు మీదుగా అవతలికి తిరగబడింది, దాని ఇనుప కాలు వెనక అద్దాన్ని పగలగొట్టింది. తెల్లవారేసరికి ఎర్రమట్టి మీద బియ్యం పరుచుకుని ఉంటే, నా భార్య ఒక్క మాటా అనకుండా వాటిని ఏరుతూ కూర్చుంది. అద్దానికీ, చిరిగిన గుడ్డకూ, వంగిన బిగింపులకూ కలిపి 700 డాలర్లయ్యాయి. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను, బ్యాంకులో ఆలస్యమైందని నాన్నగారితో చెప్పాను.

బరువు ఎందుకు చాలదో లెక్క వేసి చూడండి. రెండున్నర మీటర్ల చదరపు ఆనింగ్ విస్తీర్ణం ఆరు చదరపు మీటర్ల పైచిలుకు. గంటకు 40 కిలోమీటర్ల గాలి దాని మీద సూటిగా పడితే ఆ తోపు స్థూలంగా 45 కిలోల బరువుకు సమానమవుతుంది, గాలి వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లవుతుంది. 20 లీటర్ల నీళ్ల డబ్బా బరువు ఇరవై కిలోలే కదా. మేకుకు తోడుగా అయితే డబ్బా మంచిదే, మేకుకు బదులుగా మాత్రం కాదు.

ఆ ఉదయం పక్క గుడారంలోని పెద్దాయన నా అవస్థ చూసి, నవ్వకుండా, డ్రిల్లు పట్టుకుని వచ్చారు. కొయ్య దూలాలకు వాడే కోచ్ స్క్రూను, ఆరు పలకల తల, లావాటి మర ఉన్నదాన్ని, డ్రిల్లు కొసన ఉండే సాకెట్‌కు, అంటే స్క్రూ తలను పట్టే గొట్టానికి, తగిలించి నేలలోకి తిప్పుతుంటే, నా మేకును వంచేసిన ఆ నేలలోకే గరగరమంటూ తల దాకా దిగిపోయింది. పది మిల్లీమీటర్ల మందం, 200 మిల్లీమీటర్ల పొడవు ఉన్నవి ఎనిమిది తీసుకోండి, ప్రతిదానికీ వెడల్పాటి వాషరూ, తాడు కట్టడానికి ఒక గొలుసు కొక్కెమూ పెట్టుకోండి. ఇవేవీ క్యాంపింగ్ దుకాణంలో కొనవద్దు, హార్డ్‌వేర్ దుకాణంలో అడగండి, తేడా మీకే తెలుస్తుంది. డ్రిల్లు లేకపోతే తెలిసినవారి దగ్గర అరువు తెచ్చుకోండి, సిగ్గుపడవలసిన పని లేదు. అసలు రాయే తగిలితే స్క్రూ కూడా దిగదు. అప్పుడు ఒక అడుగు అటో ఇటో జరిపి చూడండి, అక్కడా కాకపోతే తాడును కారు చక్రానికి కట్టండి.

మేకే కొట్టవలసి వస్తే, మా ఊళ్లో పెళ్లిళ్లకు షామియానా వేసేవాళ్లు గునపం లాంటి ఇనుప మేకును పందిరికి ఎదురుగా, అవతలికి వాల్చి కొట్టేవారే, అదే పద్ధతి. తాడుకూ మేకుకూ మధ్య కోణం ఇంచుమించు మూలమట్టంగా ఉండాలి. తాడును మేకు మెడకు కాక నేలకు ఆనేట్టు కట్టాలి, పైన కడితే మేకు మీట వేసినట్టు పెకలించుకొస్తుంది. తాడును పొదుపు చేసి పొట్టిగా కట్టకండి, పొట్టి తాడు మేకును పక్కకు లాగడం మాని పైకి లాగుతుంది. చిన్నప్పుడు ఇవన్నీ కళ్లతో చూసి కూడా అక్కడ నాకు గుర్తు రాలేదు, బహుశా రూపాయల లెక్కలో మునిగి ఉన్నాననుకుంటాను.

నేల కింద నీటి గొట్టాలూ కరెంటు తీగలూ ఉండవచ్చు కనుక ఎక్కడ దించవచ్చో పార్కు ఆఫీసులో అడగండి, నెగడు నిషేధాల సంగతీ వారే చెబుతారు. ఒక కాలు కొంచెం కిందికి దించి ఉంచితే వాన నీరు గుడ్డ మీద నిలవదు. పడుకోబోయే ముందు ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆనింగ్‌ను చుట్టేయండి. తిరిగి వచ్చేటప్పుడు డ్రిల్లును వెనక్కి తిప్పి ఎనిమిది స్క్రూలూ లెక్కపెట్టి తీసుకోండి, ఒక్కొక్కటి రెండు డాలర్ల పైమాటే. డ్రిల్లుకు రెండో బ్యాటరీ మాత్రం కొనకండి. ఎనిమిది స్క్రూలకు ఒకటి చాలు, బయలుదేరే ముందు రాత్రి దాన్ని చార్జింగులో పెట్టడం మరచిపోకుంటే.