ఆ లైటును వెలిగిస్తున్నది ఎవరో అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. స్నేహితులంతా ఏఐ కోర్సుల్లో చేరారు. ఈమె నెల రోజులుగా చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డుకు బూట్‌లోడర్ రాస్తానంటూ కూర్చుంది. ఒక లైటు మిణుకుమనడం తప్ప ఏమీ కనబడదు. మాన్పించాలా? రెండు దారులూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఏమీ కనబడదన్నారు. అక్కడ ఏం జరుగుతోందో ముందు వినండి.

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే తిరిగి అమర్చుకోగల చిప్. అలాంటి చిన్న బోర్డుల్లో చాలావాటికి కరెంటు ఇచ్చే సమయానికి ప్రాసెసరే ఉండదు. సర్క్యూట్ ఎలా అమరాలో చెప్పే బిట్‌స్ట్రీమ్ అనే ఫైలును ఫ్లాష్ మెమరీ నుంచి చదువుకున్నాకే చిప్‌లోని లాజిక్ ప్రాసెసర్‌గా రూపుకడుతుంది. అది మొట్టమొదట నడిపేది మీ అమ్మాయి రాస్తున్న బూట్‌లోడర్‌నే. సీరియల్ పోర్టులో వచ్చే ప్రోగ్రామును బైటు తర్వాత బైటు ర్యామ్‌లో పేర్చి, దారిలో ఏదీ చెడలేదని తేల్చే చెక్‌సమ్ అనే లెక్కను సరిచూసి, అక్కడికి దూకాలి, అంటే ఇక ఆ ప్రోగ్రామును నడపాలి. ఆ దూకడంలోనే ఉంది కష్టమంతా. ప్రోగ్రాము మెమరీలో ఎక్కడ ఉండాలో ముందే తేల్చే లింకర్ అనే సాధనం ఒక చిరునామా అనుకుని, బూట్‌లోడర్ ఇంకోచోట పెడితే బోర్డు మూగబోతుంది. ఫంక్షన్లు వాడుకునే తాత్కాలిక మెమరీ ఎక్కడుందో చూపే స్టాక్ పాయింటర్ తప్పితే మొదటి ఫంక్షన్ల దగ్గరే కూలుతుంది. ప్రాసెసర్ రిస్క్-ఫైవ్ అనే రకానిదై, చదివిన ఆదేశాల నకళ్లు దాచుకునే ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ దానికి ఉంటే, ఆ పాత నకళ్లు వాడొద్దని చెప్పే ఫెన్స్-ఐ అనే ఒక్క ఆదేశం మరిచినందుకు కొత్త ప్రోగ్రాము వచ్చినా పాత ఆదేశాలే నడవవచ్చు. వీటిలో ఏ తప్పూ తెర మీద ఎర్రర్ చూపదు. నెల పట్టిందంటే నాకేమీ వింతగా లేదు.

ఏఐ సంగతి. గణితం మీద ఇష్టం, గజిబిజి డేటాతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవాళ్లకు మంచి దారే. నా అనుమానమల్లా మూడు నెలల సర్టిఫికెట్ మీద. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది అదే డేటాసెట్, అదే కోడ్ నోట్‌బుక్, అదే రెజ్యూమె తెస్తారు. 'నీ మోడల్ తప్పు చెబితే ముందు ఎక్కడ వెతుకుతావు?' అంటే లైబ్రరీ పేరు చెప్పి ఆగిపోతారు. వాళ్లలో తెలివికి లోటు లేదు. తప్పు వెతుక్కునే అవకాశమే వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. మీ అమ్మాయికి దొరికిన ఆ అవకాశాన్ని మీరే లాగేసుకుంటానంటున్నారు.

కటువుగానే అంటాను. మీ భయంలో సగమే ఉద్యోగం గురించి. మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నారు, మిగతా సగం అదీ. ఆ ఇబ్బంది మీది, ఆమె మీద వేయకండి.

పోలిక అడిగారు కదా. హార్డ్‌వేర్ వైపు ఫ్రెషర్ల ఖాళీలు తక్కువ, పిలుపు ఆలస్యం కావచ్చు. అయితే ఈ పని తెలిసినవాళ్లకు ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్), చిప్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్‌లో తప్పులు వెతకడం), ఆపరేటింగ్ సిస్టమ్స్ మూడూ దగ్గరే. కంగారు పడకండి. సగంలో ఆపనివ్వకండి, అంతే. పూర్తయ్యాక మెమరీ మ్యాప్ (ఏది ఏ చిరునామాలో ఉందో చూపే పట్టిక), ఎక్కడ చిక్కుకుంది, ఎలా బయటపడింది, ఒక పేజీలో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఆ పేజీ చాలు.

ఈలోగా ఆమె పక్కన కూర్చుని అడగండి: 'ఆ లైటును వెలిగిస్తున్నది బూట్‌లోడరా, నువ్వు పంపిన ప్రోగ్రామా?' రెండోదే అయితే, పైన చెప్పిన గండాల్లో చాలావరకు దాటేసిందన్నమాట.